కొత్త స్టెమ్ విప్పరాదు

డెబ్బై మూడేళ్ల వయసు గల, గడియారాల మరమ్మతు వృత్తిగా గల నేను, బుర్ర చురుగ్గా పనిచేస్తుండగా, నడుము మాత్రమే మొరాయిస్తుండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా నా కొట్టు బల్ల ముందు కూర్చుని స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. పోయే తొందరేమీ లేదు. కానీ నా తదనంతరం మా నాన్న సైకిల్‌కు మళ్లీ పాత స్టెమ్ బిగించి తమ హాల్లో గోడకు వేలాడదీస్తామని పాత సైకిళ్ల సంఘం వారు కిందటి నెల తీర్మానించారు. అందుకని ఇప్పుడే రాయవలసి వచ్చింది.

1. ఇల్లు, కొట్టు నా భార్యకు, ఆమె తర్వాత మా అమ్మాయికి చెందుతాయి. గడియారాల పనిముట్లు, కంటి భూతద్దం మాత్రం నేరుగా అమ్మాయివే. ఎనిమిదేళ్లప్పుడు అలారం గడియారం విప్పి బిగించగా రెండు మరలు మిగిలితే, దాచకుండా ఏడుస్తూ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ పిల్లకు ఏ గడియారమైనా అప్పగించవచ్చు.

2. సదరు సైకిల్‌ను, కొత్త స్టెమ్‌తో సహా, నా భార్యకు సర్వహక్కులతో రాసిస్తున్నాను. స్టెమ్ అంటే హ్యాండిల్‌ను ముందు గొట్టంలో నిలబెట్టే మెడ. పాతది పొట్టిది, తొక్కాలంటే బాగా వంగాలి. డాక్టరు నన్ను వంగొద్దన్నాక సైకిల్ ఏడాదిపాటు మూలన పడింది. పొడుగాటి కొత్త స్టెమ్ వచ్చాక నేను నిటారుగా కూర్చుని తొక్కాను. అది చూసి మా ఆవిడ అరవై ఆరో ఏట సైకిల్ నేర్చుకుంది. ఇప్పుడు పొద్దున్నే ఆమె కూరలు తెచ్చేదాకా నా వంతు రాదు. వీధి మలుపులో ఆమె బెల్లు వినపడితే ఇప్పటికీ నాకు ప్రాణం లేచివస్తుంది. ఆ సైకిల్‌ను గోడకెక్కించే హక్కు ఎవరికీ లేదు.

3. నూనెగుడ్డలో చుట్టి ఉంచిన పాత స్టెమ్ నా బావమరిదికి. సంఘం అధ్యక్షుడు వాడే. పాత సైకిల్‌కు కొత్త సామాను తగిలిస్తే మా గడప తొక్కనని భీష్మించుకున్నదీ, పై తీర్మానం మీద మొదటి సంతకం గీకిందీ వాడే. వేలాడదీసే సరదా ఉంటే దీన్ని వేలాడదీసుకోవచ్చు.

4. సంఘం వారికి ఒక నిజం. కొత్త స్టెమ్ మా గొట్టానికి వెంట్రుకవాసి లావైంది. గడియారాలు చేసే చేతికి ఇదొక లెక్కా అనుకుని ఆకురాయితో మూడు రోజులు రుద్దాను. గుండ్రంగా ఉన్నది కాస్తా పలకలు తేలింది. నాలుగో రోజు బావమరిది తగువు పెట్టుకోవడానికి వచ్చి, దాన్ని చూసి, తగువు మరిచిపోయాడు. తానే మరొకటి కొనుక్కొచ్చి, తన లేత్ మీద సన్నం చేసి, గ్రీజు రాసి బిగించాడు. "పాడు పని చేస్తే చేశావు గానీ బావా, సరిగ్గా అయినా చెయ్యాలి కదా," అన్నాడు. బతికుండగా ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను. మాట తప్పలేదు.

5. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత వాడిదే, తీర్మానం రద్దు చేయించడంతో సహా. ప్రతి ఆదివారం వచ్చి స్టెమ్ బోల్టు బిగింపు చూడాలి. మా ఆవిడకు ఆ పని రాక కాదు, తమ్ముడు వస్తే ఆమెకు సంతోషం. చూశాక ఒక చుట్టు తొక్కుతానంటే ఆమె కాదనకూడదు. బిగించిన రోజున, ఎవరూ చూడటం లేదనుకుని వాడు మా వీధి చివరిదాకా తొక్కుకుంటూ, నవ్వుకుంటూ పోవడం నేను కిటికీలోంచి చూశాను.

మార్చి తొమ్మిది, శనివారం, కొట్టు తెరిచే ముందు.

(సంతకం) గడియారాలాయన

నేను సంతకం చేస్తుండగా చూసినవారు: పక్క కొట్టు దర్జీ, ఎదురింటి నర్సు