ఎంత బిగించినా ఆగని లీకు

తాండూరు

చిన్నాయనకు,

ప్రియదర్శిని దండాలు. నువ్వు ఫోనును బహిష్కరించినవు గదా, అందుకే వికారాబాద్ బస్సు కండక్టర్ పరమేశన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్న.

వచ్చే సోమవారం మాకు పెద్ద పరీక్ష. నేను, నా దోస్తు భాగ్యశ్రీ వండిన బువ్వ కరణ్‌కోట క్వారీ కూలీలకు వేడివేడిగ చేర్చాలె. మంచిగ చేరిస్తే ఆ పని రోజూ మాకే ఇస్తమన్నరు, లేకుంటే వేరేటోళ్లకు. గీ టైంల నా ట్రాలీ బండికి డీజిల్ ఫిల్టర్ నేనే మార్చిన. అప్పటిసంది ఒకటే లీకు. ఎంత బిగించినా ఆగుతలేదు. నిన్న భాగ్యశ్రీ పప్పు మూత తీసి, "పోపు డీజిల్‌ల పెట్టినవానే?" అన్నది. అమ్మకు చెప్పకు, బండి అమ్మేయమంటది.

నీ బిడ్డ,
ప్రియ

తా.క.: నువ్వు వయసుల ఉన్నప్పుడు లారీ మీద క్లీనర్‌గ చేసినవని నాయిన చెప్తుండె. ఏమన్న యాదికుంటే రాయి. వ్యాసం వద్దు, ఉపాయం రాయి.

వికారాబాద్

బిడ్డా ప్రియదర్శినీ,

ఆగ్రహంతో రాస్తున్నాను, నీ మీద కాదు. నీ ఉత్తరంలో "పరీక్ష", "లీకు" కనబడ్డాక, ఆ పక్క వాక్యం దాటి చదవలేకపోయాను. చదవడమెందుకు? ఆ రెండు మాటలూ ఒకచోట చేరాక కొత్తగా తెలుసుకోవలసింది ఏముంది? కళ్లు కాయలు కాసేలా చదివిన పిల్లలు ఒకవైపు, ముందురోజే జవాబులు జేబులో పెట్టుకున్నవాళ్లు ఇంకోవైపు! ఫిల్టర్ సంగతి నాకు తెలియదా? మన పిల్లల్ని వడగట్టి బయట పారేసే జల్లెడే కదా! "ఎంత బిగించినా ఆగుతలేదు" అన్నావే, నా వ్యాసాలన్నీ కలిపినా ఆ ఒక్క వాక్యానికి సాటిరావు. మన ఇంటికి అసలైన కలం నువ్వే.

ధర్నాకు సిద్ధమవుతున్నాను.

పిడికిలి బిగించి,
పాండు చిన్నాయన

తా.క.: నీ ఉత్తరం డీజిల్ వాసన కొడుతోంది. ప్రశ్నపత్రాలు లారీలో తరలించారన్నమాట. సాక్ష్యం భలే పంపావు!

తాండూరు

చిన్నాయనా,

నీకు దండం పెడ్త, జర మొత్తం చదువు. పరీక్షంటే బువ్వ పరీక్ష. లీకంటే బండి లీకు. పైన అంతా మంచిగనే ఉన్నది, కిందికెల్లే కారుతున్నది. బకెట్ పెట్టిన. మెకానిక్ మల్లప్ప పెండ్లికని సేడం పోయిండు, ఇప్పట్ల రాడు. సోమవారం నెత్తి మీదికొచ్చింది. భాగ్యశ్రీ ఐతే గంపలు ఎత్తుకొని నడుద్దామంటున్నది.

పరేషాన్‌ల ఉన్న,
ప్రియ

తా.క.: ధర్నా ఆపు. అంతగనం రోడ్డు మీద పండుకోవాలని ఉంటే నా బండి కింద పండు.

వికారాబాద్

బిడ్డా,

అర్థమైంది. నిన్ను ఎవరో బెదిరించారు. అందుకే "బండి" అని సంకేతంలో రాస్తున్నావు. ఎంత తెలివి! "పైన అంతా మంచిగనే ఉన్నది, కిందికెల్లే కారుతున్నది" అని నీ చేత చెప్పించారు చూడు, అక్కడే దొరికిపోయారు. పైవాళ్లు శుద్ధపూసలు, తప్పంతా కింది గుమాస్తాలదట! ఈ బకెట్ అనేవాడెవడో ఇంకా తెలియలేదు. రెండో కరపత్రంలో వాడి పేరు వేస్తున్నాను.

మొదటిది దీనితో పంపుతున్నాను. పాత అధికారుల్ని అక్కడే ఉంచి, కొత్తవాళ్లను వాళ్ల నెత్తిన కూర్చోబెడితే ఏం లాభం? అందుకే పెద్దక్షరాల్లో వేయించాను: "పాతది పీకకుండా కొత్తది పెడితే లీకు ఆగదు!"

నీ ధైర్యానికి మొక్కుతూ,
పాండు చిన్నాయన

తా.క.: ఈ రోజు నుంచి నిరాహార దీక్ష. పొద్దున తిన్న ఉప్మా దీక్షకు ముందుది, లెక్కలోకి రాదు.

తాండూరు

మా మెకానిక్ చిన్నాయనకు,

కరపత్రం జూసి మొదలు నెత్తి కొట్టుకున్న. భాగ్యశ్రీ దాన్ని గట్టిగ చదివింది: "పాతది పీకకుండా…" అంతే, ఇద్దరం ఒకరి మొగం ఒకరం జూసుకున్నం. బండి కిందికి దూరి, ఫిల్టర్ విప్పి, అది కూసునే కాడ వేలు పెట్టి తిప్పిన. పాత రబ్బరు రింగు గాడనే అతుక్కొని ఉన్నది! దాని నెత్తి మీద కొత్త రింగు కూసున్నది. ఇగ ఎంత బిగిస్తే ఏం లాభం? పాతది పీకి, తుడిచి, కొత్తదానికి జర డీజిల్ రాసి, చేత్తోనే బిగించిన. డీజిల్ పైపుల చేరిన గాలి తీసి స్టార్ట్ చేస్తే ఒక్క చుక్క లేదు!

సోమవారం బువ్వ పొగలు గక్కుకుంట పోయింది. పని మాదే! తప్పు చదివి కూడ సరైన జవాబు చెప్పేటోన్ని నిన్నే జూసిన. నువ్వు మస్తు మొనగానివి.

నీ బిడ్డ,
ప్రియ

తా.క.: కరపత్రం బండి ఎన్క అంటించినం. కూలీలు ఏ పార్టీ అని అడుగుతున్నరు. రింగు పార్టీ అని చెప్పిన.

వికారాబాద్

బిడ్డా,

నీ మొదటి ఉత్తరం ఇప్పుడు పూర్తిగా చదివాను. దీక్ష విరమించాను.

ఆ నినాదం నాది కాదమ్మా. ఇన్నేళ్లుగా ప్రతి సభలో చెబుతున్నాను, జనం చప్పట్లు కొడుతున్నారు, నాదే అనుకున్నాను. నీ రింగు కథ చదువుతుంటే గుర్తొచ్చింది. బంట్వారం దారిలో, డీజిల్‌తో తడిసి లారీ కింద పడుకుని ఉన్నాను. మా డ్రైవర్ అంజిలయ్య పైనుంచి తిట్టాడు: "అరే పాండుగా, పాతది పీకకుండ కొత్తది పెడితే లీకెట్ల ఆగుతదిర!" నా సిద్ధాంతమంతా ఆ తిట్టే. ఇకనుంచి కరపత్రం కింద ఆయన పేరే వేస్తాను. ఆయనకూ, బండి కింద దూరిన నీకూ లాల్ సలామ్.

ఒక్క విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. ఆ మాట పరీక్షలకూ వర్తిస్తుంది!

నీ పాత క్లీనర్,
పాండు చిన్నాయన

తా.క.: నీ బకెట్‌కు నా క్షమాపణ చెప్పు. రెండో కరపత్రం అప్పటికే పంచేశాం. ఇక్కడ జనం వాడి రాజీనామా అడుగుతున్నారు.