ఎర్ర స్కెచ్ పెన్ అంకెలు

జూన్ 2, సోమవారం
ముప్పై ఆరేళ్లకి పొట్ట ముందు, నేను వెనక. పలాస జీడిపప్పు షాపులో కూర్చుని కూర్చుని తెచ్చుకున్నది. పొద్దున్నే పూండి స్టేషన్ వైపు పరిగెత్తాను. 1.1 కిలోమీటర్లు. గేటు దగ్గర వాంతి. నా మీద నాకే రోత.

జూన్ 5
రెండు రోజులు ఎగ్గొట్టాను. ఫోన్‌లో యాప్ ఉంది గానీ ఎవడు చూడొచ్చాడు? షాపులో నాతో పనిచేసే ఎజ్రా అన్నాడు, సిగ్గుంటేనే కాళ్లు కదుల్తాయి మావా, నలుగురికీ కనబడేలా రాయి అని. వసారాలో చర్చి క్యాలెండర్ ఉంది. ఇవాళ్టి గడిలో ఎర్ర స్కెచ్ పెన్‌తో రాశాను. 1.3.

జూన్ 9
1.8. కుక్కలు తరిమాయి. రికార్డు వాటిదే.

జూన్ 14
2.4.

జూన్ 17
పక్కింటి బొడ్డమ్మ మజ్జిగ తోడుకని వచ్చి క్యాలెండర్ చూసింది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో గోడ మీద చుక్క పెట్టిన అంకె కనిపిస్తే ఇంకో అర్థం లేదు. రక్తంలో క్రియాటినిన్. ఒకటి దాటి పెరుగుతోందంటే కిడ్నీలు పోతున్నట్టే. అయ్యో, పదిరోజుల్లో ఇంత పెరిగిపోనాదా అని నోరు నొక్కుకుందట.

జూన్ 20
3.1. మా వీధి పోలారావు బండి ఆపి, ఎందుకురా ఆ ఆయాసం, ఎక్కు అన్నాడు. పరుగుకే వచ్చానంటే నమ్మలేదు. కొబ్బరినీళ్లు తాగకు, కిడ్నీలకి పడవు అని కూడా చెప్పాడు. ఊరందరి జాలి ఒంటికి జిడ్డులా పట్టుకుంది.

జూన్ 22, ఆదివారం
పాస్టర్‌గారు పేరు పెట్టి నా కిడ్నీల కోసం ప్రార్థన చేశారు. లేచి, అవి కిలోమీటర్లండీ అన్నాను. మొదట్లో అందరూ ఇలాగే అంటారని వెనక ఎవరో గొణిగారు. నేను బూట్లేసుకుని పరుగుకి వెళ్లడం అమ్మ రోజూ చూస్తుంది. ఆవిడకీ అనుమానం పట్టుకుంది. ఇంటికొచ్చి, నిజం సెప్పు నాయినా అని ఏడ్చింది. ఛీ, పరిగెత్తడం నాదే తప్పు.

జూన్ 24
అమ్మని తీసుకుని పలాసలో ల్యాబ్‌కి వెళ్లాను. రిపోర్టు ఊరోళ్ల మొహాన అంటించాలి. పనిలో పనిగా నువ్వూ రక్తం ఇచ్చెయ్ అన్నాను. ఎనిమిదేళ్లుగా ఏ కిడ్నీ క్యాంపుకీ వెళ్లని మనిషి. సూపిస్తే జబ్బుంటాది, సూపించకపోతే నేదు అంటుంది. ఇవాళ, నాకు తోడని, చెయ్యి చాపింది.

జూన్ 25, సాయంత్రం
నాది 0.9. ల్యాబ్ మెట్ల మీద గంతేశాను. బొడ్డమ్మకి ఏం చెప్పాలో కూడా మనసులో అనేసుకున్నాను. అప్పటికి రెండో కాగితం మడత విప్పలేదు.
అమ్మది 5.6.
ఇంటికొచ్చి నాది చూపించాను. దేవుడికి స్తోత్రం, నీకేటీ నేదు కదా అంది. తనది అడగలేదు. నేనే చెప్పాను. ఎవలికీ సెప్పకు అంది.
ఆ గంతు గుర్తొస్తే కాళ్లు నరుక్కోవాలనిపిస్తోంది.

జూన్ 26
నా రిపోర్టు క్యాలెండర్ పక్కన అంటించాను. ఊరు నమ్మింది. నవ్వుకుంది కూడా. షాపుకి సెలవు పెట్టి అమ్మని పెద్ద డాక్టర్‌కి చూపించాను. నెలనెలా నంబర్ రాసిపెట్టుకోమన్నాడు.

జూన్ 28
పరిగెత్తలేదు. ఇవాళ్టి గడిలో 5.6 రాశాను.
బొడ్డమ్మ చూసి, అంత దూరం పరిగెత్తేవా నాయినా అంది.
అవునన్నాను.