క్యాంపులో చావుల్లేని ఏడాది

9 మార్చి 1976, మంగళవారం. మత్రా

పొద్దున మేస్త్రీ ఒక ఉత్తరం తెచ్చిచ్చాడు. రాజయ్య తమ్ముడు జగిత్యాల నుంచి రాశాడు. రాజయ్య పోయాడట, ఈ కూలీల క్యాంపు నుంచి మేం పంపించిన పన్నెండో రోజున. చదివి, మడిచి, మందుల అలమారాలో పెట్టాను. ఏమీ అనిపించలేదు.

మధ్యాహ్నం సర్కారు లెక్కలాయన వచ్చాడు. ఈ అరబ్బు దేశంలో మనుషులు సగటున ఎన్నేళ్లు బతుకుతారో తేల్చాలట. ఏ వయసువాళ్లు ఎంతమంది ఉన్నారు, ఏడాదిలో ఎంతమంది చనిపోయారు అని అడిగాడు. క్యాంపు కాంపౌండర్ని నేనే కాబట్టి రిజిస్టరు తీశాను. నాలుగు వందల మంది. చావులు సున్నా.

ఆయన మళ్లీ అడిగాడు.

"క్యాంపులో ఎవరూ చనిపోలేదు సార్" అన్నాను.

అబద్ధం కాదు. జబ్బు ముదిరినవాణ్ణి కంపెనీ ఊరికి పంపేస్తుంది. వాడి పేరు 'వెళ్లినవారు' కింద రాస్తాను.

"ఈ లెక్కన మీవాళ్లు నూరేళ్లు దాటేస్తారు" అని నవ్వాడాయన. నేనూ నవ్వాను. ఉత్తరం సంగతి చెప్పాల్సిందేమో. చెప్పినా ఏ గడిలో రాసుకునేవాడు...

సాయంత్రం ఎల్లయ్యకి సూది వేస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. వారం నుంచి రక్తం కక్కుతున్నాడు.

"రాజయ్యన్నను పంపినట్టు నన్ను పంపకుండ్రి సార్. ఈడనే ఉంట."

పడుకోమన్నాను.

అతని టికెట్ పొద్దునే వచ్చింది, శుక్రవారానికి. 'వెళ్లినవారు' కింద పేరు కూడా మధ్యాహ్నమే రాసేశాను, ఆ లెక్కలాయన చూస్తుండగానే.