పీరుది ఏ దేశం?

సంపాదకులు గారికి,

మక్తల్ దగ్గర మా ఊరి పీర్ల పండుగ మీద నేను రాసిన వ్యంగ్య నవల మొదటి భాగం పోయిన వారం మీ పత్రికలో వచ్చింది. అందులో ఒక నాయకుడు ఊరేగింపుకు అడ్డం నిలబడి, "నీది ఏ దేశం?" అని పీరును గద్దిస్తాడు. జనం నవ్వుతారనుకున్నాను.

నిన్న ఊరేగింపులోకి కొందరు జెండా కర్రలతో వచ్చి అదే ప్రశ్న అడిగారు. ఎవరూ నవ్వలేదు. పీరును ఎత్తుకున్న జంగయ్య, "మా తాతలకెల్లి మేమే ఎత్తుకుంటున్నం. గీ పీరుది మా ఊరే, ఇంకేడిదైతది?" అన్నాడు. ఆ కర్రలతోనే అతని రెండు చేతులూ విరగ్గొట్టారు. పీరు నేలను తాకకూడదు కదా. పీర్లను చూసుకునే ముజావర్ హమీద్ పరుగెత్తుకొచ్చి అందుకునేదాకా జంగయ్య పీరు కర్రను గడ్డం కింద అదిమిపట్టి నిలబడ్డాడు. మొహం మీద కొట్టినా వదల్లేదు. పీరుకు కట్టిన దట్టీ గుడ్డలు నెత్తుటితో తడిసిపోయాయి.

ఈ పొద్దున వాళ్లే శాలువా పట్టుకుని మా ఇంటికొచ్చారు. "సార్, మీరు రాసినట్లే అడిగినం" అంటూ నా భుజాల మీద కప్పారు. నేను వద్దనలేకపోయాను.

రెండో భాగం మీ దగ్గరే ఉంది. మీ కాళ్లు పట్టుకుంటాను, అచ్చు వేయకండి. అందులో ఆ నాయకుడు పీర్ల కొట్టానికి నిప్పు పెడతాడు.