దూలమూ గడపా

మదనపల్లె,
17 జూలై 2025.

చిరంజీవి సుష్మకు,

పుంగనూరులో ఇంటర్‌లో నీకు లెక్కలు చెప్పిన చెంగల్రాయుడు దీవించి రాయునది. నేను కులాసా. నువ్వూ, మీ ఇంటివాళ్లూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇంటి చిరునామా తెలియక కుప్పం డిపోకే రాస్తున్నాను.

మొన్న సోమవారం బస్సులో టికెట్ ఇవ్వడానికి వచ్చిన కండక్టరు నువ్వేనని నేను పోల్చుకోలేదు. "సార్, బాగుండారా? నేను సదుం అంకయ్య కూతురు సుష్మను" అన్నావు. నిలబడి ఉన్న నాకు నీ సీటు ఇచ్చావు. కుప్పం దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, ఏం చూశానో గుర్తులేదు. ఏడుపు రాలేదు, సిగ్గూ కలగలేదు. ఇప్పటికీ అంతే. తిమ్మిరెక్కిన కాలి మీద ఎవరో చెయ్యి వేసినట్టుంది.

ఇరవై ఏళ్లయింది. త్రిమితీయ జ్యామితి పాఠం. కలుసుకోని రెండు సరళరేఖలు సమాంతరాలే అని బోర్డు మీద రాశాను. నువ్వు లేచి, "సార్, పైన దూలం ఇట్ల పోతాండాది, కింద గడప అట్ల పోతాండాది. రెండూ యాడా కలవవు. అట్లని సమాంతరమూ కాదు గదా సార్?" అన్నావు. పిల్లలంతా తలలెత్తి దూలాన్ని చూశారు. ఒక కూలిమనిషి కూతురు నలభై మంది ముందు నన్ను దిద్దింది. "నాకే నేర్పిస్తావా? క్షమాపణ అడిగేదాకా బయటే నిలబడు" అన్నాను.

మూడు రోజులు వరండాలో నిలబడ్డావు. అడగలేదు. నాలుగో రోజు మీ నాయన వచ్చి నీ బదులు తాను చేతులు జోడించి, "పిల్ల తెలీక అనింది, ఇడిసిపెట్టు సామీ" అన్నాడు. వేరే గ్రూపులో వేయించుకోమన్నాను. ఇంజనీరింగ్ చదవాలనుకున్నదానివి సి.ఇ.సి.లో చేరావు.

రిటైరయ్యాక పాత పుస్తకాలు సర్దుతుంటే తెలిసింది, నువ్వన్నదే సరి. ఒకే తలంలో ఉన్న గీతలు కలుస్తాయి, లేదా సమాంతరంగా పోతాయి. వేరువేరు తలాల్లో ఉంటే ఈ రెండూ కాకపోవచ్చు. వాటిని స్క్యూ లైన్స్ అంటారు. నిన్న కాలేజీకి వెళ్లి, ఇప్పుడు లెక్కలు చెబుతున్న యువరాజ్‌ను అడిగి, ఆ గదిలోనే పిల్లలకు ఇది చెప్పాను. ఇక్కడ ఈ మాట మొదట అన్నది సుష్మ అనే అమ్మాయి అనీ, అందుకే ఆమెను బయటికి పంపాననీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

క్షమించమని అడగడం లేదు. జవాబు రాయకపోయినా పరవాలేదు.

ఇట్లు,
చెంగల్రాయుడు

తా.క.: పుస్తకాలు సర్దుతుంటే తెలిసిందన్నది అబద్ధం. ఆ సాయంత్రమే ఇంటికెళ్లి పుస్తకం తెరిచి చూశాను. నువ్వు వరండాలో నిలబడ్డ మిగతా రెండు రోజులూ, మీ నాయన చేతులు జోడించినప్పుడూ, నువ్వు చెప్పిందే సరైనదని నాకు తెలుసు.