ఇర్మెలా కుట్లు

3 మార్చి 1997, ఆఫెన్‌బాఖ్

ఒకమ్మాయి వాళ్ల అమ్మమ్మ హ్యాండ్‌బ్యాగ్ రిపేరుకు తెచ్చింది. నల్ల దూడతోలు. పిడి దగ్గర చిరిగింది. మిగతాదంతా చెక్కుచెదరలేదు. మూలల్లో తోలును సన్నటి మడతలుగా అణిచారు, వేలికి ఒక్క మడతా తగలదు. మైనం పట్టించిన నారదారం. ప్రతి కుట్టూ ఒకే వాలు.

ఈ చెయ్యి నాకు తెలుసు.

4 మార్చి

అస్తరు విప్పాను. పిడి కింద తోలు కాగితంలా ఉంది. చెక్కింది నేనే.

1961. నాకు పందొమ్మిది. బ్యాగుల ఫ్యాక్టరీలో తోలు అంచుల్ని కత్తితో పల్చన చెయ్యడం నా పని, కుట్టడం ఇర్మెలా పని. పక్కపక్క బల్లలు. ఒక వారం తొందరలో మరీ ఎక్కువ చెక్కేశాను. నెల తిరిగేసరికి డజను బ్యాగులు పిడి దగ్గర చిరిగి షాపుల నుంచి తిరిగొచ్చాయి. సోమవారం పొద్దున మేస్త్రీ అందరి ముందూ ఇర్మెలాను నిలబెట్టి, దారం మరీ బిగించి తోలు కోసేశావన్నాడు. సాయంత్రానికి ఆమె పని పోయింది. నేను తల వంచుకుని అంచులు చెక్కుతూనే ఉన్నాను.

ఊళ్లో ఇంకెవరూ ఆమెను తీసుకోలేదు. లాండ్రీలో చేరిందని విన్నాను.

ఈ ఒక్క బ్యాగ్ తిరిగి రాలేదన్నమాట. ఆ అమ్మమ్మ చర్చికి తప్ప బయటికి తీసేది కాదట.

7 మార్చి

ఇర్మెలా ఊరి శివారు బీబర్‌లో ఉంటోంది. అడ్రసు దొరికింది. వెళ్లలేదు.

9 మార్చి, ఆదివారం

వెళ్లాను. కాఫీ పెట్టింది, కేకు కోసింది. బ్యాగ్ ముందు పెడితే కళ్లద్దాల కోసం కూడా వెతకలేదు. వాచిన కణుపులతోనే కుట్ల మీద బొటనవేలు నడిపింది.

ఆ తోలు చెక్కింది నేనని చెప్పాను. ముప్పై ఆరేళ్లుగా అనుకున్న మాటలు అర నిమిషంలో అయిపోయాయి.

తెలుసంది. కుట్టేదాన్ని, సూది దిగుతుంటే తెలియదా అంది. మరి మేస్త్రీతో ఎందుకు చెప్పలేదని అడిగాను. నువ్వు చెప్తావేమోనని చూశానే, ఆ రోజు సాయంత్రం దాకా నీ వైపే చూశాను అంది.

క్షమించమని అడగడానికి వెళ్లినదాన్ని. అడగలేకపోయాను.

ఆమె తలుపు దాకా వచ్చి, నా చిల్లుల్లోంచే కుట్టు, కొత్తవి పొడవకు అంది.

14 మార్చి

చిరిగినచోట కింద కొత్త తోలు వేసి, ఆమె చిల్లుల్లోంచే కుట్టాను. పద్దెనిమిది కుట్లు. రోజంతా పట్టింది. ఆ వాలు నా చేతికి రాక రెండుసార్లు విప్పాను.

17 మార్చి

ఆ అమ్మాయి వచ్చింది. ఎక్కడ చిరిగిందో పోల్చుకోలేక నన్ను మెచ్చుకోబోయింది. ఆపాను. కుట్టింది ఇర్మెలా కోర్నర్, చిరగడానికి కారణం నేను అన్నాను. బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ పేరు మళ్లీ చెప్పమని అడిగి రాసుకుంది.

22 మార్చి

ఇర్మెలా ఫోన్ చేసింది. తన పేరు చెప్పి ఊరుకుంది. ఊపిరి వినిపిస్తూనే ఉంది. తను పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు.