డిసెంబరులో మామిడిపండు వాసన

చిన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సాయంత్రం ఇంట్లో నీ జ్ఞాపకార్థ కూడిక ఉంది. పాస్టరు గారు వచ్చేలోపు ఇది రాస్తున్నాను.

ఇవాళ మా బడిలో తొమ్మిదో తరగతికి వేపింగ్ గురించి, అదే ఈ-సిగరెట్లు పీల్చడం గురించి, పాఠం చెప్పాల్సి వచ్చింది. "మీకు కష్టమైతే ఇంకొకరికి ఇస్తానమ్మా" అన్నారు హెడ్మాస్టరు గారు. నేనే చెబుతానండి అన్నాను. పిల్లల దగ్గర దొరికిన ఈ-సిగరెట్ ఒకటి బల్ల మీద పెట్టాను. నీలం రంగుది, పండ్ల వాసన వేసేది, అచ్చం నీదాని లాంటిదే. ఊపిరితిత్తుల బొమ్మ గీస్తుంటే నీ ఎక్స్‌రే గుర్తొచ్చింది. అయినా బొమ్మ పూర్తి చేశాను.

బెల్లు కొట్టాక వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి ఒకతె ఆగింది.

"మేడమ్, మా అన్నయ్య బ్యాగులో ఇలాంటిదే ఉందండి. నేనేం చెయ్యాలండి?"

నువ్వు రాజమండ్రి హాస్టల్ నుంచి క్రిస్మస్ సెలవులకి వచ్చినప్పుడు, బట్టలు ఉతకబోతుంటే అది నీ జేబులో దొరికింది. పాటలు వినే వస్తువేదో అనుకుని, తుడిచి, చార్జింగ్ పెట్టి మరీ నీ బ్యాగులో సర్దాను. డిసెంబరులో ఈ మామిడిపండు వాసనేంట్రా అని అడిగాను కూడా. "కొత్త సెంటు అక్కా" అని నవ్వావు. పదిహేనేళ్ళుగా సైన్సు చెబుతున్నదాన్ని, నీ నవ్వు చూసి నేనూ నవ్వేశాను.

ఆ పిల్ల ఇంకా నా మొహంలోకే చూస్తోంది.

"అదేంటని అన్నయ్యని అడుగమ్మా" అన్నాను. "నవ్వేసి ఏదో ఒకటి చెబుతాడు. నువ్వు నవ్వకు. మళ్ళీ అడుగు."

మీ అక్క